కుమార పర్వతం ఒక్క రోజులో ఎక్కి దిగాలి, అనంతపురం నుంచి పోతున్నాం. ఏమేం రెడీ చేసుకోవాలి?

టవర్‌క్లాక్ సందు (అనంతపురం) | సెప్టెంబరు 21, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నవంబరు రెండో వారంలో కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్యం పోతున్నాం, అమ్మ మొక్కు ఉంది, ఆశ్లేష బలి (సర్పదోషానికి చేసే పూజ) చేయించాలి. ఎట్లాగూ అంత దూరం పోతున్నాం కదా అని నేను, మా బామ్మర్ది, ఆఫీసులో ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి అక్కడి కుమార పర్వతం కూడా ఎక్కుదామనుకున్నాం. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగేయాలి. నలుగురం ముప్పై నుంచి నలభై లోపల. వారానికి రెండు రోజులు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడుస్తాం, నాలుగు రౌండ్లు. ఎండ మనకేం కొత్త కాదు, ఏప్రిల్ మధ్యాహ్నం క్రికెట్ ఆడినోళ్ళం, అడవంటే నీడే ఉంటుంది కాబట్టి ఇంకా సులువేమో అనిపిస్తోంది. షూస్ కొత్తవి కొనాలా, నీళ్ళు ఎన్ని లీటర్లు, జలగలు చెప్పేంత ఉంటాయా? బామ్మర్ది ఆ పేరు వింటేనే టెన్షన్ పడుతున్నాడు.

ఉగ్గాని బజ్జి (గుంతకల్లు) | సెప్టెంబరు 21, రాత్రి 9:52

బామ్మర్దిని ముందు నడిపించండన్నా. జలగలన్నీ ఆయనకే పడతాయి, మీరు హాయిగా పోవచ్చు.

బుక్కపట్నం చెరువు (బెంగళూరులో ఉంటా) | సెప్టెంబరు 21, రాత్రి 11:15

మూడుసార్లు పోయాను, రెండుసార్లు శిఖరం దాకా, ఒకసారి సగంలో వెనక్కి. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపికుంటే చదువుకో.

కొండ ఎత్తు 1,712 మీటర్లు. ఆ అంకె చూసి భయపడక్కర్లేదు, చూడాల్సింది నువ్వు ఎక్కడ మొదలుపెడుతున్నావనేది. కుక్కే ఊరు సముద్రమట్టానికి కేవలం నూరు మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది, అంటే ఒక్క రోజులో పదహారు వందల మీటర్లు ఎక్కాలి, మళ్ళీ అదంతా దిగాలి. నీకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. రెండు తిరుమలలు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఇంకా తక్కువే పడుతుంది. ఇక్కడ మెట్లుండవు, గాలిగోపురం దగ్గర సోడా దొరికినట్టు దొరకదు. పోనూ పన్నెండు పదమూడు కిలోమీటర్లు, రానూ అంతే.

దారి మూడు రకాలుగా ఉంటుంది. మొదట చిక్కటి అడవి, ఆకాశం కనపడదు, కింద వేర్లు, తడి ఆకులు. ఐదారు కిలోమీటర్లకు భట్టర మనె, అంటే భట్ వాళ్ళ ఇల్లు, వస్తుంది, అక్కడ అన్నం సాంబారు మజ్జిగ దొరుకుతాయి, దాటగానే ఫారెస్టు వాళ్ళ చెక్‌పోస్టు. అక్కడి నుంచి నువ్వన్న నీడ అయిపోయింది, శేష పర్వతం దాకా గడ్డి కొండలే, నెత్తిన ఎండ. మధ్యలో కల్లు మంటపం అని రాతి మంటపం, పక్కనే నీళ్ళు పారతాయి, నవంబరులో అయితే ఉంటాయి. శేష పర్వతం ఎక్కాక అందరూ అయిపోయిందనుకుంటారు, కాదు, మళ్ళీ అడవిలోకి దిగి, జారుడు బండ ఎక్కితే అసలు శిఖరం. నేను సగంలో తిరిగొచ్చింది అక్కడే.

నాలుగు రౌండ్లు చాలవు తమ్ముడూ.

హంద్రీ ఒడ్డు (కర్నూలు) | సెప్టెంబరు 22, ఉదయం 7:05

ఇంత సీన్ అవసరమా? మా వాడు స్లిప్పర్లతో పోయొచ్చాడు. బుకింగులు గికింగులు కూడా ఏం వద్దు, అక్కడ లోకల్‌గా ఎవరినైనా పట్టుకుంటే పక్క దారిలో తీసుకుపోతారు.

బుక్కపట్నం చెరువు | సెప్టెంబరు 22, ఉదయం 8:30

పక్క దారి సలహా దయచేసి ఎవరికీ ఇవ్వొద్దన్నా. అది పుష్పగిరి వన్యప్రాణి అభయారణ్యం, ఏనుగులు తిరిగే చోటు. 2012లో యునెస్కో పశ్చిమ కనుమల్లో వారసత్వ ప్రదేశాలుగా గుర్తించిన వాటిలో ఇదీ ఒకటి. 2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకు వేలమంది ఒకేసారి ఎగబడి, చెక్‌పోస్టు దగ్గర తిరునాళ్ళలాగా అయి, కొన్నాళ్ళు ట్రెక్కింగే ఆపేశారు. తర్వాతే ఆన్‌లైన్ టికెట్ పెట్టారు, కర్ణాటక అటవీశాఖ వాళ్ళ అరణ్య విహార సైట్‌లో తీసుకోవాలి, రోజుకు ఇంతమందికే అని లెక్క. వానాకాలం మూసేస్తారు, మళ్ళీ తెరిచాక శని ఆదివారాలు చప్పున నిండిపోతాయి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. పైన రాత్రి పడుకోనివ్వరు. బ్యాగులు విప్పించి చూస్తారు, ప్లాస్టిక్ కవర్లు, మందు సీసాలు ఉంటే అక్కడే ఆగిపోతావు.

స్లిప్పర్ల సంగతి ఆ దేవుడికే తెలియాలి.

నల్లమల నడక (ఆత్మకూరు, కర్నూలు వైపు) | సెప్టెంబరు 22, మధ్యాహ్నం 1:20

నాకు యాభై మూడేళ్ళు. శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలం ఏటా నడుస్తా, పన్నెండేళ్ళుగా. కొండలు ఎక్కడంలో నాకు అంత గర్వం ఉండేది. మూడేళ్ళ కింద అక్టోబరులో ఈ కుమార పర్వతానికి పోయి ఆ గర్వం అంతా భట్టర మనె దగ్గరే దించేసి వచ్చాను. ఎందుకో చెప్తా, ఎందుకంటే ఈ అబ్బాయి రాసిన "ఎండ మనకు కొత్త కాదు" అన్న మాటే నేనూ అన్నా.

మన దగ్గర నలభై రెండు డిగ్రీల ఎండలో తిరిగినా చెమట కనపడదు. పట్టగానే ఆరిపోతుంది, సాయంత్రం చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. ఆ ఆరిపోవడమే ఒంటిని చల్లబరిచేది. అక్కడ వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు కూడా ఉండదు, కానీ గాలి నిండా నీళ్ళే, చెమట ఆరదు, కారుతుంది. మోచేతుల నుంచి బొట్లు పడుతుంటాయి, ఒళ్ళు మాత్రం చల్లబడదు. నేనేమో నల్లమలలో నడిచినట్టు మొదటి గంట విసురుగా నడిచా. రెండో గంటలో పిక్కలు పట్టేశాయి, తల తిరిగింది, ఒక రాయి మీద కూలబడితే మా వాళ్ళు ఉప్పు నిమ్మకాయ నీళ్ళు తాగించారు. నా వెనక మెల్లగా వస్తున్న మంగళూరు పిల్లలు నవ్వుకుంటా దాటిపోయారు.

నల్లమల వేరు. అక్కడ ఆకు రాలుతుంది, నేల ఎండుతుంది, అడుగు గట్టిగా పడుతుంది. ఇది ఏడాదంతా పచ్చగా ఉండే అడవి, నేల ఎప్పుడూ తడే, వేరు మీద కాలు పెడితే సబ్బు మీద పెట్టినట్టే. మొదటి గంట పక్కవాడితో మాట్లాడుతూ నడవగలిగేంత నిదానంగా నడవండి. ఆయాసం వచ్చి మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు లెక్క.

టవర్‌క్లాక్ సందు | సెప్టెంబరు 22, రాత్రి 10:02

అమ్మో. ఈ చెమట సంగతి ఎవరూ చెప్పలేదు నాకు. యూట్యూబులో అందరూ మబ్బుల్లో నిలబడి చేతులు చాపుతున్నారు అంతే. ఇంకా ఏడు వారాలుంది. ఏం ప్రాక్టీసు చేయాలో చెప్పండి.

పాలకొండ గాలి (కడప) | సెప్టెంబరు 23, ఉదయం 6:10

మీకు దగ్గర్లో గుత్తి కోట ఉంది కదా. ఆదివారం తెల్లవారుజామున పోయి ఎక్కి దిగండి, తర్వాతి వారం రెండుసార్లు, ఆ తర్వాత బ్యాగులో నీళ్ళ సీసాలు వేసుకొని. పెనుకొండ కొండైనా సరే. మధ్యలో ఒకసారి తిరుమల పోయే పని పెట్టుకోండి, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, అలిపిరి 3,550, ఎక్కినవాళ్ళు బస్సులో దిగుతారు కదా, మీరు దిగడం కూడా నడిచే దిగండి. అసలు ప్రాక్టీసు దిగడమే. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది, అది కూర్చుంటే వస్తుంది. దిగేటప్పుడు మోకాళ్ళు పోతాయి, అవి కూర్చుంటే రావు.

షూస్ ఇప్పుడే కొని ఈ ఏడు వారాలూ అవే వేసుకొని నడవండి. కింద గాడులు లోతుగా ఉండాలి, రన్నింగ్ షూస్ అడుగు నున్నగా ఉంటే బండ మీద జారతాయి. కొనేటప్పుడు సాయంత్రం పూట, మందం సాక్స్ వేసుకొని చూసుకోండి, ముందు వేళ్ళకు కాస్త చోటుండాలి. బయల్దేరే రెండు రోజుల ముందు కాలిగోళ్ళు కత్తిరించుకోండి, నేను ఆ పని చేయక రెండు బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. జీన్స్ వద్దు, తడిస్తే కట్టెలాగా బిగుసుకుపోయి తొడలు ఒరుసుకుంటాయి. తొడల మధ్య కొబ్బరినూనో వాజెలినో పూసుకోండి, సిగ్గుపడి ఎవరూ చెప్పరు గానీ పదో కిలోమీటరు దగ్గర దాని విలువ తెలుస్తుంది.

ఉగ్గాని బజ్జి | సెప్టెంబరు 23, ఉదయం 6:31

పొద్దున్నే ఈ తొడల చర్చ ఏందన్నా.

వార్డు అక్క (అనంతపురం, నర్సుగా పని చేస్తా) | సెప్టెంబరు 24, రాత్రి 8:45

నవ్వుకోండి, ఒరుసుకుపోయి నడవలేక వచ్చినవాళ్ళకు కట్లు కట్టేది మేమే.

నీళ్ళ గురించి. ఒక్కొక్కరు మూడు లీటర్లు మోయండి, భట్టర మనె దగ్గర మళ్ళీ నింపుకోండి. వాగు నీళ్ళయితే క్లోరిన్ బిళ్ళ వేసి, దాని మీద రాసినంత సేపు ఆగి తాగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ పెద్దది ఒక లీటరు నీళ్ళకు ఒకటి, మొత్తం ఒకేసారి కలపాలి. చాలామంది అర లీటరు సీసాలో సగం పొడి వంచి, చిక్కగా ఉంటే బలమనుకొని ఇంకా కొంచెం వేస్తారు. అట్లా చేయకూడదు, ఉప్పు ఎక్కువైతే మేలు కాదు కీడు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టినవి. దానికి వ్యతిరేకం కూడా ఉంది, వట్టి నీళ్ళే గంటకు లీటరు లెక్కన తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలచబడి వాంతి, తలనొప్పి, తికమక వస్తాయి. అప్పుడు అది దాహమనుకొని ఇంకా తాగిస్తారు. దాహం వేసినప్పుడు కొంచెం కొంచెం తాగాలి, మధ్యమధ్యలో ఉప్పగా ఏదైనా నమలాలి.

ఎవరైనా మాట తడబడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అక్కడే ఆపేయాలి. నీడలో కూర్చోబెట్టి చొక్కా తీసి నీళ్ళు చల్లి విసరండి. "ఇంకొంచెమే ఉంది రా" అని లేపొద్దు.

జలగలు: మన చెరువుల్లో ఎనుములకు పట్టేవి నీళ్ళలో ఉంటాయి. ఇవి నేల మీదవి, ఆకు కొనల మీద నిలబడి మీ కోసమే చూస్తుంటాయి. కరిస్తే నొప్పి తెలియదు, రక్తం గడ్డకట్టకుండా ఏదో వదులుతుంది కాబట్టి అది ఊడిపోయాక కూడా చాలాసేపు కారుతుంది, చూడటానికి భయంగా ఉంటుంది, అంతే, ప్రమాదం లేదు. పీకొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు, అట్లా చేస్తే కడుపులోది పుండులోకి కక్కేస్తుంది. గోరును దాని మూతి పక్కన ఆనించి పక్కకు తోసేయండి. తర్వాత కడిగి, గట్టిగా అదిమి పట్టి, కట్టు కట్టేయండి. లీచ్ సాక్స్ అని మోకాలి దాకా వచ్చే గుడ్డ సాక్స్ దొరుకుతాయి, అవి వేసుకుంటే సగం భయం పోతుంది.

నల్లమల నడక | సెప్టెంబరు 24, రాత్రి 9:30

పొగాకు తడిపి సాక్స్ మీద రుద్దుకున్నా దగ్గరికి రావు, అక్కడివాళ్ళు చేసేది అదే. వాన పడితే కడుక్కుపోతుంది, మళ్ళీ రుద్దుకోవాలి.

బుక్కపట్నం చెరువు | సెప్టెంబరు 24, రాత్రి 10:10

అక్క జలగల గురించి చెప్పింది, నేను పిడుదుల గురించి ఒక మాట. జలగ కంటే దానితోనే జాగ్రత్త. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి, మనుషులకు జ్వరాలు వస్తే బయటపడిన రోగం ఉంది, కన్నడంలో మంగన కాయిలె అంటారు, కోతి జ్వరం. పిడుదులు కుట్టడం వల్ల వస్తుంది. ఎక్కువగా డిసెంబరు నుంచి మే దాకా. భయపెట్టడానికి కాదు, నిండు చేతుల చొక్కా వేసుకోండి, గడ్డిలో పొర్లి సెల్ఫీలు వద్దు, చచ్చిన కోతి కనపడితే దగ్గరికి పోవద్దు, తిరిగొచ్చాక వారంలో గట్టి జ్వరం వస్తే డాక్టరుకు ఫలానా అడవికి పోయొచ్చామని చెప్పండి.

హంద్రీ ఒడ్డు | సెప్టెంబరు 25, ఉదయం 7:20

మా వాడిని అడిగా. స్లిప్పర్లతో పోయింది భట్టర మనె దాకేనంట. అది కూడా ఒక స్లిప్పర్ తెగి వెనక్కి వచ్చాడంట. సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

అయితే ఒక డౌటు. ఎన్నింటికి మొదలుపెడితే ఎన్నింటికి దిగుతారు? ఎవరూ లెక్క చెప్పలేదు.

బుక్కపట్నం చెరువు | సెప్టెంబరు 25, ఉదయం 9:00

మంచి ప్రశ్న, నేను తిరిగొచ్చింది కూడా ఈ లెక్క తప్పే. నైస్మిత్ అని స్కాట్లండ్ ఆయన 1892లో ఒక సూత్రం చెప్పాడు, ఐదు కిలోమీటర్లకు గంట, పైన 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. మనకు పదమూడు కిలోమీటర్లకు రెండు గంటల ముప్పావుకు కాస్త తక్కువ, పదహారు వందల మీటర్లకు దాదాపు అంతే, మొత్తం ఐదుంబావు. అది చల్లటి దేశంలో, ఆగకుండా నడిచేవాళ్ళకు. మన తిండి, మన ఫోటోలు, మన చెమట కలుపుకుంటే ఆరున్నర. ఆరింటికి మొదలుపెడితే పన్నెండున్నర. దిగడానికి ఐదు గంటలు, ఐదున్నర అవుతుంది. నవంబరులో అక్కడ పొద్దు ఆరింటికి గుంకుతుంది, చెట్ల కింద మాత్రం ఐదుంబావుకే మసక. అంటే మీ దగ్గర మిగిలేది అరగంట.

కాబట్టి పన్నెండున్నరకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. శిఖరం పది నిమిషాల్లో ఉందని ఎవడైనా చెప్పినా సరే. ఈ టైము కింద ఊళ్ళోనే నలుగురూ ఒప్పుకోండి, పైన ఒప్పుకోరు. నలుగురికీ నాలుగు తలకు కట్టుకునే లైట్లు ఉండాలి, ఫోన్ టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది. సిగ్నల్ ఉండదు, బస చేసిన చోట ఎన్నింటికి వస్తారో చెప్పి పోండి. మబ్బు పట్టి ఉరిమితే గడ్డి కొండ మీద ఉండొద్దు, పిడుగు సంగతి మన సీమోళ్ళకు చెప్పక్కర్లేదు.

వార్డు అక్క | సెప్టెంబరు 25, మధ్యాహ్నం 2:15

ఇంకోటి అబ్బాయ్, పూజ ముందా కొండ ముందా? కొండ ముందు పెట్టుకుంటే మర్నాడు తొడలు పట్టేసి బాసిపట్టు వేసుకొని కూర్చోలేవు. అమ్మ పక్కన కుర్చీ అడుక్కోవాల్సి వస్తుంది.

టవర్‌క్లాక్ సందు | సెప్టెంబరు 25, రాత్రి 9:18

అక్కా మీరు దేవత. శనివారం పూజ, ఆదివారం కొండ అని మార్చేశాం.

టవర్‌క్లాక్ సందు | అక్టోబరు 19, రాత్రి 8:05

అప్‌డేట్. గుత్తి కోట నాలుగు ఆదివారాలు అయింది. మొదటి వారం దిగాక రెండు రోజులు ఇంట్లో మెట్లు గోడ పట్టుకొని దిగా, ఈ వారం ఏమీ లేదు. వెదురు కర్ర ఒకటి చేయించుకున్నా, దిగేటప్పుడు మోకాలికి చాలా తేడా తెలుస్తోంది. బామ్మర్ది లీచ్ సాక్స్ మూడు జతలు ఆర్డర్ పెట్టాడు, ఒక్కడికే. తిండికి ఏం పట్టుకుపోవాలి?

ఉగ్గాని బజ్జి | అక్టోబరు 19, రాత్రి 8:20

నా సబ్జెక్టు వచ్చింది. ఉగ్గాని వద్దు, నానిన బొరుగులు మధ్యాహ్నానికి పులుస్తాయి, ఈ మాట చెప్పడానికి నాకెంత బాధో. నిమ్మకాయ చిత్రాన్నం నిలుస్తుంది, స్టీలు డబ్బాలో. జేబులో చెనిక్కాయల ఉండలు, బెల్లంతో చేసినవి, గంటకొకటి. పప్పుచెక్కలు ఉప్పు కోసం. ఓళిగలు తీసుకుపోతే నాకు ఫోటో పంపొద్దు.

టవర్‌క్లాక్ సందు | నవంబరు 18, రాత్రి 9:50

పోయొచ్చాం. శిఖరం ఎక్కలేదు, ముందే చెప్పేస్తున్నా.

శనివారం పూజ బాగా జరిగింది. ఆదివారం ఆరుంబావుకు మొదలుపెట్టాం. అడవిలోకి పోయిన ఇరవై నిమిషాలకే నల్లమల అన్న చెప్పినట్టు చొక్కా పిండితే నీళ్ళు, గాలి ఆడదు, నిదానంగానే నడిచాం. కానీ బామ్మర్ది ప్రతి పది అడుగులకూ ఆగి సాక్స్ వంచి చూసుకోవడం, చూసుకున్నాక మా అందరివీ చూడటం. భట్టర మనెకు చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడ మజ్జిగ తాగి కూర్చుంటే లేవబుద్ధి కాలేదు, ఇంకో ముప్పావుగంట పోయింది, ఆ తప్పు నాదే. చెక్‌పోస్టులో బ్యాగులు చూడటానికి లైను. గడ్డి కొండల మీద ఎండ, ఇది మాత్రం మన ఎండే, గాలి కొడుతుంటే చెమట ఆరింది, అక్కడ మేమే అందరికంటే ముందు నడిచాం, నిజంగా ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

శేష పర్వతం మీదికి పన్నెండు ఇరవైకి చేరాం. ఎదురుగా శిఖరం కనపడుతోంది. మబ్బు లేదు, ఒంట్లో ఓపిక కూడా ఉంది. ఇంకో గంట పడుతుందని దిగొస్తున్నవాళ్ళు చెప్పారు. పది నిమిషాలు అక్కడే కూర్చొని చిత్రాన్నం తిని, పన్నెండున్నరకు లేచి వెనక్కి తిరిగాం. బామ్మర్ది భట్టర మనె దాకా మాట్లాడలేదు. వాన రాలేదు, పిడుగు పడలేదు, కాబట్టి పోయుండొచ్చు కదా అని ఇప్పటికీ అంటాడు. అడవిలో కింది భాగానికి వచ్చేసరికి ఐదుంబావు, లైట్లు వేసుకోవాల్సి వచ్చింది, వేర్లు కనపడక ఆఫీసు ఫ్రెండ్ రెండుసార్లు పడ్డాడు, దెబ్బలేం లేవు. ఊళ్ళోకి ఐదు యాభైకి.

జలగలు మొత్తం నాకు నాలుగు, ఫ్రెండ్స్‌కు చెరి రెండు, బామ్మర్దికి సున్నా.

హంద్రీ ఒడ్డు | నవంబరు 18, రాత్రి 10:05

గంట దూరంలో వదిలేసి వచ్చారా! నేనైతే పోయేవాణ్ణి.

నల్లమల నడక | నవంబరు 18, రాత్రి 10:12

పోయుంటే శిఖరం మీద ఒకటిన్నర. మిగతాది నువ్వే లెక్క కట్టుకో.

పాలకొండ గాలి | నవంబరు 19, ఉదయం 6:25

మేం కడప నుంచి ముగ్గురం జనవరిలో పోతున్నాం, ఈ చర్చ మొత్తం చదివా. ఆ లీచ్ సాక్స్ వాడని జతలు ఇంకా ఉన్నాయా? జనవరిలో అక్కర్లేదంటారు గానీ మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.

టవర్‌క్లాక్ సందు | నవంబరు 19, ఉదయం 8:40

రెండు జతలు కవరు కూడా విప్పలేదు. వచ్చే శుక్రవారం తాడిపత్రి పనుంది నాకు, అక్కడ బస్టాండులో ఇస్తా. కర్ర కూడా కావాలంటే చెప్పండి, బామ్మర్ది మాత్రం దొరకడు.